తుకారాం కట్టిన కాయలు

ఏందీ, ఏం ఫోటో అది? ఇటు తే జెర. ఆగు, నా అద్దాలు టీవీ మీదున్నయి, అందియ్యి బిడ్డా. ఆఁ, ఇది నీ తొట్టెల ఫంక్షన్‌ది. మారేడ్‌పల్లిల మీ అమ్మోళ్ళు కిరాయికున్న ఇల్లు. తొట్టెలల ఉన్నది నువ్వు. పక్కపొంటి పచ్చచీర మీ అమ్మ కల్పలత. గీ నల్లజుట్టాయన ఎవ్వరనుకుంటున్నవు, నేనే. నవ్వకు, నాకు సుత జుట్టుండె. అందరం నీ దిక్కే చూస్తున్నం, ఫోటో తీసేటోడు సుత నీ దిక్కే చూసిండు గనుక సగంమందివి తలకాయలు కోసిండు. ఒక్క మనిషి మాత్రం అటు మొకం పెట్టుకొని దర్వాజకేదో కడుతున్నడు. గాయిననే మీ తాత, తుకారాం. గదే కదా నువ్వు అడగనీకొచ్చింది? మీ అమ్మను అడిగితె ఏమన్నది? కిషన్ తాతనే అడుగు పో అన్నదా. అంటది. గిది చెప్పాలంటె ఆమెకు ఏడుపొస్తది. ఏందేందీ? తాతకు నేనంటె పడకపోతుండెనా అని అడుగుతున్నవా? గా మాట ఇంకోపారి అన్నవంటె చాయ్ సుత పొయ్య. కూసో. తొందరుంటె రేపు రా, తొందరోళ్ళకు చెప్పే ముచ్చట కాదిది.

మోండా మార్కెట్ల నాది నిమ్మకాయల దుకాణం, నీకెరుకే. మీ తాత రోజూ పొద్దుగాల నా తాననే నిమ్మకాయలు తీసుకుంటుండె. నాకన్న పెద్దోడు, అన్నా అని పిలుస్తుంటి. ఆయన పని దిష్టి కట్టుడు. దుకాణాలకు, ఇండ్లకు, కొత్త బండ్లకు నిమ్మకాయలు మిరపకాయలు గుచ్చి దండ కట్టుడు, అమాస అమాసకు బూడిద గుమ్మడికాయ ఉట్టిల పెట్టి దర్వాజ మీద ఏలాడదీసుడు. అల్కటి పని అనుకోకు. నువ్వు కట్టి చూడు, నాలుగు దినాలకు జారి గిరాకి నెత్తి మీద పడుతది. మీ తాత ముడి ఏసిండంటె కాయ కుళ్ళి కారాలె గని ముడి కదలకపోతుండె. ఒకపారి గాలివానకు రెజిమెంటల్ బజార్ల రేకులు లేచిపోయినయి, ఆయన గుమ్మడికాయలు మాత్రం ఉన్నకాడ్నే ఉన్నయి, నా కండ్లతోని చూసిన. పొగరు సుత గంతనే ఉండె. ఇంకోడు ఏసిన ముడి కనపడితె థూ అని ఉమ్ముతుండె. ఇగ ఆయనకొక రూలుండె. కట్టినోడే విప్పాలె. ఆయన కట్టింది ఇంకెవ్వలు ముట్టద్దు. పాతది దించుడు, పారే నీళ్ళల్ల ఇడుసుడు అన్నీ ఆయనే చేయాలె. బజార్ల పెద్ద పెద్ద సేట్లు సుత గా మాటకు భయపడుతుండిరి.

గంత పొగరున్న మనిషి, నడిస్తె మాత్రం భూమి దిక్కే చూస్తుండె. నాతోని మాట్లాడితె నా నిమ్మకాయలతోని మాట్లాడినట్టే ఉండె. పెండ్లి ఊరేగింపు ఎదురొస్తె గల్లీలకు మళ్ళుతుండె. సంకల పిల్లనేసుకొని ఎవ్వలన్న వస్తె గోడకు తిరుగుతుండె. ఏ వస్తువును సుత బాగున్నది అనకపోతుండె. నేను దీవాళికి కొత్త అంగి ఏసుకొని పోయి ఎట్లున్నదే అన్నా అంటె, గుండీ ఊడతున్నది కుట్టించుకో అన్నడు. కింద ఉన్న గుండీ అది, గంతవరకే చూసిండు. కొత్తోళ్ళు ఏమో అనుకుంటుండిరి. మాకు ఎరుకే గనుక మేమేం అనకపోతుంటిమి.

ఏం ఎరుక అంటవా? నీకొక మామ ఉండె, మీ అమ్మ ఎన్నడన్న చెప్పిందా? చెప్పలే. మీ అమ్మకన్న ముందు పుట్టిండు. గప్పుడు మీ తాత నా లెక్కనే మార్కెట్ల కూరగాయలు అమ్ముతుండె, తల పైకెత్తుకొని, పాటలు పాడుకుంట తిరిగే మనిషి. పోరడు బోర్లపడి నవ్వుడు షురూ చేసిన దినాలు. ఒకనాడు మీ అమ్మమ్మ తానం పోసి, పౌడర్ కొట్టి, మంచంల పండవెట్టింది. ఈయన మార్కెట్‌ నుంచి వచ్చి, గడపల నిలవడి, చూసి చూసి, 'ఎంత సక్కగున్నడే నా కొడుకు' అన్నడు. గంతే బిడ్డా. ఏ తండ్రి అనడు చెప్పు. గా వారంలనే పోరనికి జెరమొచ్చింది. దవాఖానకు ఉరికిన్రు, అక్కరకు రాలే. పోయిండు. మట్టిల పెట్టి ఇంటికొచ్చినంక మీ తాతను కన్నతల్లి నలుగురి ముందట అన్నది, అయ్య కన్నే తాకింది పిల్లగానికి అని. ముసలామె, ఏడ్సుకుంట అన్నది, రేపటికల్ల అన్నది సుత మరిచింది. ఈయన మరువలే. కూరగాయల గంప పక్కకు పెట్టి దిష్టి పని పట్టుకున్నడు. తన కన్నుకు తానే భయపడ్డోడు ఊరందరికి దిష్టి కట్టుకుంట తిరిగిండు.

ఇగ మీ అమ్మ పుట్టింది. ఆమె మొకం చూడలే. ఒక్కనాడు గాదు, పెరిగి పెద్దదై పెండ్లయి పోయేదాంక చూడలే. ప్రేమ లేకనా? పిచ్చి మాట. కాళ్ళు చూస్తుండె. ఆమె పాదాలు ఆయనకు ఎరుకైనంత నా చెయ్యి నాకు ఎరుక లేదు. చెప్పులు తేవాలంటె కొలత తీసుకపోకపోతుండె, తెస్తె అచ్చం దిగుతుండె. బడినుంచి వచ్చి ఆమె గడప దాటంగనే, ఎవ్వలేమన్నరు బిడ్డా అని అడుగుతుండె, కాలు ఏసే తీరుల పట్టేస్తుండె. జెరమొస్తె తల్లికన్న ముందు ఆయనకు తెలుస్తుండె. పెండ్లిల అప్పగింతలప్పుడు ఆమె అయ్యా అయ్యా అని మీద పడి ఏడుస్తుంటె, ఈయన వంగి, ఆమె కాలి మట్టెలు సరిజేసుకుంట కూసున్నడు. మా ఆవిడ, నేను, అందరం ఏడ్సినం. గిట్లాంటి తండ్రి మీ తాత. చాయ్ల చక్కెర సరిపోయిందా? మా కోడలు నాకు చక్కెర బంద్ జేసింది, నీది వాసన చూసుకుంట కూసుంట.

యాడున్న? ఆఁ, నువ్వు పుట్టినవు. ఉగాదికి ముందట. తొలికాన్పు పుట్టింట్ల చేయాలె గదా, మీ తాతనే వద్దన్నడు. నా ఇంట్ల వద్దు, నా కన్నుకు దూరమే ఉండనీ అని మీ అమ్మమ్మను సామానుతోని మారేడ్‌పల్లికే పంపిండు. తొట్టెలకు వారం ముందు ఈయన ఏదో ఇచ్చిరానీకి పోయిండు. లోపట అందరు నీ సుట్టు కూసున్నరు. ఈయన బయట బాదం చెట్టు కింద నిలవడ్డడు. చెట్టును చూస్తె ఏం కాదని ఆయన లెక్క. బాదం ఆకంత ఎర్రగై రాలిపోయే దినాలు, కొమ్మలు ఒట్టిగున్నయి. పైకి చూస్తె కొమ్మ కొమ్మకు ఏవో కాయలు ఏలాడుతున్నయి. బాదంకాయ కాదు. కోడిగుడ్డుకు జెర చిన్నగ, బూడిద రంగు, పెంకు గట్టిగ, చెవికాడ పెట్టి ఊపితె లోపట గింజ కొట్టుకున్నట్టు చప్పుడు. పొడుగు తొడిమె, గా తొడిమె కొస కొమ్మకు ఉంగరం లెక్క చుట్టుకొని ఉన్నది. మీ తాత పట్టి గుంజిండు. రాలే. రెండు చేతులతోని గుంజిండు. రాలే. ముడి యాడున్నదో విప్పుదామని ఎతికితె ముడే లేదు. యాడ షురూ అయిందో యాడ ఒడిసిందో తెల్వలే. ఆఖరికి కొమ్మలే నరికి తెచ్చుకున్నడు.

సీదా నా దుకాణానికొచ్చి, నిమ్మకాయలు పక్కకు నూకి, ఒక కాయ కొమ్మతోని సహా నా ముందల పెట్టి, 'కిషన్, దీన్ని ఎవ్వడు కట్టిండురా?' అన్నడు. ఆయన గొంతుల గసొంటి మాట నేను ఎన్నడినలే. నిద్రల మాట్లాడుతున్నట్టున్నది. ఏదో ఎండిన కాయ గావొచ్చులే అన్నా అన్న. కాయ కొమ్మకు కాస్తది గని కొమ్మను పట్టుకోదురా అన్నడు. నాకేం తోచలే. ఆయనకు ఆయననే తోచిచ్చుకున్నడు. మనిషి కట్టని ముడి అంటె దేవుడు కట్టిన ముడే. దేవుడు కట్టి ఏలాడదీసిందంటె అది దిష్టికి గాకపోతె ఇంక దేనికి? గిట్ల తీర్మానం అయిపోయింది. నాకు సుత సబబే అనిపిచ్చింది. దర్వాజల మీద ఏలాడేటివి చూసి చూసి మా బుర్రలు సుత గట్లనే తయారైనయి. ఇగో, ఫోటోల కడుతున్నడు చూడు, నిమ్మకాయ అనుకుంటున్నవా? అద్దాలు పెట్టుకొని చూడు. గదే. నీ దిక్కు చూడకుంట నీకు కాపలా పెడుతున్నడు.

గా అమాసకు రెజిమెంటల్ బజార్ల సగం దుకాణాలకు గవే కట్టిండు. కుళ్ళదు, కారదు, ఈగలు రావు, సేట్లు ఖుష్. ధర్మరాజని కోస్తాయన, భీమవరం దిక్కు, కొత్తగ చీరెల దుకాణం తెరిచిండు. ఆయన పట్టుబట్టి అందరికన్న పెద్దకాయ కట్టిచ్చుకున్నడు, 'ఆ పెద్దది మాకే ఉంచవయ్యా తుకారామూ, మాకు దిష్టెక్కువ' అని. ఎండకాలమంత గవి గట్లనే ఏలాడినయి. దుమ్ము పట్టినయి, ఎండకు మాడినయి, కదల్లే. మీ తాత బజార్ల కెళ్ళి నడుస్తుంటె నీడలు చూసి లెక్కవెట్టుకుంట పోతుండె, పైకి చూడకుంట.

తర్వాత మృగశిర వాన పడ్డది. మొదటి వానకు మట్టివాసన లేస్తది చూడు, గా తెల్లారి, దీపం పెట్టే యాళ్ళకు బజార్ల లొల్లి. నేను దుకాణం మూసుకుంటున్న, ధర్మరాజు మనిషిని ఉరికిచ్చిండు, తుకారాం యాడున్నా తోలుకరమ్మని. పోతె దుకాణం ముందల జనం. కాయ కొస తడిసి మెత్తవడ్డది. వాన నీళ్ళు గాదు, లోపటికెల్లే ఊరింది. గా తడిల నుంచి ఏదో నూక్కుంట నూక్కుంట బయటికొస్తున్నది. బొచ్చు కాళ్ళు, లావు పెయ్యి, పిండి పారేసిన గుడ్డలెక్క ముడతలు పడ్డ రెక్కలు. వచ్చి కాయనే పట్టుకొని ఏలాడింది. ఇగ ఆ ముడతలు మా ముందలనే సాగుడు షురూ అయినయి. చాయ్ తాగేటోడు చాయ్ మరిచిండు. నా రెండు అరచేతులు పక్కపక్కన పెడితె ఎంతనో గంత ఇప్పారినయి రెక్కలు. పసుపు కలిపిన మట్టి రంగు. ఇగ ఒక్కో రెక్కకు ఒక్కో కన్ను బిడ్డా. బొమ్మ కన్ను గాదు. నడుమ అభ్రకం రేకు లెక్క అద్దం, ఎనకున్న కరెంటు బుగ్గ ఎలుగు దాన్లకెల్లి కనపడుతున్నది. సుట్టు కాటుక దిద్దినట్టు గీత. నాలుగు కండ్లు దర్వాజ మీదికెల్లి బజారును చూస్తున్నయి. ఇప్పటికీ చెప్తుంటె చూడు, వెంట్రుకలు లేచినయి.

మీ తాత వచ్చిండు, తల వంచుకొని. ధర్మరాజు దొరికిచ్చుకున్నడు. 'ఏవయ్యా, దిష్టి తగలకుండా ఏదన్నా కట్టమంటే కళ్ళున్నదాన్ని కట్టావేంటయ్యా మా గుమ్మానికి? ముందు విప్పెయ్. లేదా చీపురు పెట్టి కొట్టించేస్తా.' కట్టినోడే విప్పాలె గదా, స్టూలేసిన్రు. ఎక్కిండు. ముడి విప్పాలంటె తల ఎత్తాలె. ఎత్తిండు. అది ఆయన మొకానికి జానెడు దూరంల ఉన్నది. నేను స్టూలు పట్టుకొని కిందున్న. ధర్మరాజు ఏవైందయ్యా అంటున్నడు. నేను తల ఎత్తి చూస్తె, మీ తాత రెప్ప కొట్టకుంట చూస్తున్నడు. గన్నేండ్లు భూమిని చూసిన కండ్లు అవి. చూసి చూసి, నిమ్మలంగ, తనకే చెప్పుకున్నట్టు, 'సక్కగున్నది' అన్నడు.

అన్నంక ఎరుకైంది ఏమన్నడో. చెయ్యి నోటికడ్డం పెట్టుకున్నడు. దిగి మెట్టు మీద కూలవడ్డడు. 'కిషన్, ఇగ ఇది సచ్చిపోతదిరా. నా నోట్లకెల్లి వచ్చింది' అన్నడు. కొడుకును మట్టిల పెట్టిననాడు సుత మనిషి గట్ల కూలవడలే. ధర్మరాజు మళ్ళ విప్పమన్నడు. నేను విప్ప, ఇంకెవ్వలు ముట్టద్దు, అది ఎళ్ళిపోయినంకనే విప్పుత అని మెట్టు మీదనే కూసున్నడు. రూలు రూలే గదా, ధర్మరాజు పండ్లు కొరుక్కున్నడు. రెండో దినానికి పురుగును చూడనీకొచ్చిన ఆడోళ్ళు చీరెలు కొనుక్కొని పోవుడు షురూ చేసిన్రు, అప్పుడు ఆయన గొంతు మెత్తవడ్డది. లక్ష్మీదేవే అని ఆయననే చెప్పుకుంట తిరిగిండు.

మీ తాత కాకులను కొట్టుకుంట, చీపురును ఆపుకుంట ఆన్నే ఉన్నడు. నన్ను పంపి చక్కెర నీళ్ళు తెప్పిచ్చిండు, పెట్టిండు. తాగలే. అరటిపండు నలిపి పెట్టిండు, ముట్టలే. బాదమాకు పెట్టినా ముట్టలే. నా కన్ను తాకినంక తిండి బంద్ చేసిందిరా అని తలకాయ పట్టుకున్నడు. నాకు సుత భయమైంది, అబద్ధమెందుకు. అది మాత్రం కదలకుంట కూసున్నది, ఎవ్వలకోసమో ఎదురు చూసినట్టు. మిగిలిన దుకాణాలల్ల చూస్తె బొక్క పడ్డ ఒట్టి కాయలే ఉన్నయి, అండ్లవి ఎప్పుడెళ్ళినయో ఎవ్వలు చూడలే. ఇది ఒక్కటే పోలే. మూడోనాడు తెల్లారంగ పోతె ఒకటి గాదు, రెండున్నయి. రెండోది ఎర్ర ఇటుక రంగు, పోతు. తలకాయకు ఈకల లెక్క మీసాలు. యాడికెల్లి వచ్చిందో, బస్సుల పొగ, పెట్రోల్ వాసన, మిరపకాయల ఘాటు, ఇన్నిట్ల దీని వాసన పట్టుకొని ఎట్ల వచ్చిందో. మీ తాత చేతులు జోడిచ్చి నిలవడ్డడు. గుడిల సుత నేను ఆయనను గట్ల చూడలే.

ఇగ ఆడది గుడ్లు పెట్టింది. దండ దారం మీద, ఎండిన మిరపకాయల మీద, ధర్మరాజు బోర్డు మీద, ఆవగింజకన్న జెర పెద్దగ, బిళ్ళల లెక్క. పెట్టి పెట్టి, వారం తిరిగేసరికి మెట్టు మీద పడ్డది. చచ్చినా కండ్లు మాత్రం గట్లనే ఉన్నయి నాలుగు. మీ తాత దోసిట్ల పట్టుకొని, 'చెప్పిన గదరా' అన్నడు. గంతే. ఇగ పని బంద్. దండలు గుచ్చలే, నిమ్మకాయలకు రాలే, ఇంట్ల గోడకు తిరిగి పండుకున్నడు. నేనే బలవంతంగ జకర్యా సారును తోలుకపోయిన. మన గల్లీల ఉంటుండె, బడిల సైన్సు చెప్తుండె, మంచి మనిషి. ఆయన చచ్చిన పురుగును భూతద్దం పెట్టి చూసి, దసలి పట్టుపురుగు తుకారాం ఇది అన్నడు. నువ్వు కట్టింది కాయ గాదు, గూడు. దీనికి తినే మూతే ఉండదు, చూడు కావాల్నంటె. తినుడంత పురుగప్పుడే అయిపోయింది. ఇగ దీనికున్నదే గా వారం, ఎవ్వల కన్ను తాకినా తాకకున్నా గంతే. మీ తాత ఇన్నడు. ఓదారుస్తున్నవు సారూ అన్నడు, మళ్ళ గోడకు తిరిగిండు. సారు లేసుకుంట, సరే, గుడ్లున్నయి గదా, పొదుగుతయి, బాదమాకు మీద పెట్టి చూసుకుంట ఉండు, నీ కన్ను పాడుదో మంచిదో నీకే తెలుస్తది అన్నడు. గా మాట మాత్రం తాకింది.

ధర్మరాజు బోర్డు గీకి గుడ్లు తెచ్చినం. సగం ఆయన, సగం నేను. నేనంటె ఏదో సాయం పడదామని. అట్టడబ్బల ఏసి, బాదమాకు పెట్టి, మా ఇంటెనక మెట్ల కింద పెట్టిన. మీ తాత వరండాల కుండల నీళ్ళు పోసి, బాదం మండలు గుచ్చి, గుడ్లు పెట్టి, ముందల గోనెసంచి అడ్డం కట్టిండు. చూడకుంట సాకుదామని. చెయ్యి సంచి కిందికెల్లి పెట్టి కొత్త మండలు గుచ్చుడు, చెయ్యి తీసుడు. గుడ్లు పగిలి చిన్న పురుగులు ఎళ్ళినయి. చెవి సంచికి ఆనిచ్చి కూసుంటుండె. తింటున్నయిరా అని చెప్తుండె, సన్న వాన చప్పుడు లెక్క ఉంటదట. ఒకనాడు నేను నా డబ్బ తెరుస్తె చీమలు. ఒక్కటి మిగల్లే. పోయి చెప్పిన, అన్నా, నాయి మొత్తం చీమలు తిన్నయి, నేను చూసుకోకపోతి అని. మీ తాత నా మాట పూర్తిగ ఇన్నడో లేదో, లేచి సంచి గుంజి పారేసిండు.

ఆయన మండలకు సుత చీమలు ఎక్కుతున్నయి. చూసిండు గనుక కనపడ్డయి. ఒక్కొక్కదాన్ని దులిపి, కుండల సుట్టు నీళ్ళు కట్టి, కండ్లు పెద్దగ చేసుకొని గా పొద్దంత పురుగులనే చూసిండు. తెల్లారి నేను భయపడుకుంటనే పోయిన. బతికినయి. గా తెల్లారి సుత. ఇగ మనిషి ఆడికెల్లి లేవలే. అవి తోలు ఇడుస్తుండె, పెద్దగైతుండె, ఆకుపచ్చగై బొటనేలంత లావైనయి, పక్కల పొంటి వెండి బొట్లు పెట్టినట్టు మెరుస్తుండె. ఒకనాడు నేనుండంగనే, ఒక పురుగు దిక్కు చూసి, గొంతు సవరిచ్చుకొని, భయం భయంగ, 'సక్కగున్నవే' అన్నడు. అని నా దిక్కు చూసిండు. నా మొకం దిక్కు బిడ్డా, నిమ్మకాయల దిక్కు గాదు. నీకు ముసలితనం వచ్చిందిరా అన్నడు నాతోని. నేను సచ్చెంత నవ్విన. పురుగు నిమ్మలంగ ఆకు నముల్తనే ఉన్నది.

శ్రావణంల ఒక పొద్దుగాల పిలువనంపిండు. ఒక పురుగు తినుడు ఆపి కొమ్మ మీదికి ఎక్కింది. నోట్లకెల్లి దారం తీసుకుంట తలకాయ అటిటు, అటిటు ఊపుతున్నది, కొమ్మ సుట్టు ఏస్తున్నది. ఏసినకాడ్నే మళ్ళ ఏస్తున్నది. ఉంగరం తయారైంది. ఉంగరం నుంచి తొడిమె దించింది. తర్వాత ఆకులను దగ్గరికి గుంజుకొని, లోపట తన సుట్టు తానే గోడ కట్టుకుంట పోయింది. మొదాలు మాకు పురుగు కనపడుతుండె, తర్వాత మసకగైంది, తర్వాత కనపడలే. మీ తాత కండ్లపొంటి నీళ్ళు. 'కట్టినోడే విప్పాలె అని నేను అంటుంటి గదరా. ఇది కట్టుకుంటది, ఇదే విప్పుకుంటది. నడుమ నేనెవ్వన్ని?' అన్నడు. ఇగ లేచి మొకం కడుక్కున్నడు, ఉతికిన అంగి ఏసుకున్నడు. గా కాయ గట్టిపడేదాంక నాలుగు దినాలు ఆగి, కొమ్మ కత్తిరిచ్చి జేబుల పెట్టుకొని, మారేడ్‌పల్లి పోదాం నడువు అన్నడు. నువ్వు తోడు రా కిషన్, నా కాళ్ళు మళ్ళుతయేమో అన్నడు.

గప్పటికి నువ్వు బోర్లపడుతున్నవు. మీ మామ పోయిన వయసే. తొవ్వ పొంటి ఇద్దరం గా మాట అనలే గని ఇద్దరికి ఎరుకే.

మీ అమ్మ దర్వాజ తీసింది. నువ్వు ఆమె భుజం మీదున్నవు. అయ్య గొంతు ఇనంగనే నీ మొకం మీద చెంగు కప్పుడు ఆమెకు అలవాటు, కప్పింది. మీ తాత గడపల నిలవడి, ఆమె పాదాలనే చూసుకుంట, 'చెంగు తియ్యి బిడ్డా' అన్నడు. మీ అమ్మ తియ్యలే. ఎట్ల తీస్తది? తల్లి గదా. పుట్టినసంది గా భయంలనే పెరిగిన పిల్ల. నిన్ను ఇంక గట్టిగ పట్టుకొని ఒక అడుగు ఎనకకు ఏసింది. గా అడుగు ఆయన చూసిండు. కోపం రాలే. జేబులకెల్లి కొమ్మ తీసి చెయ్యి చాపిండు. ఇది నేను చూస్తుండంగ కట్టుకున్నది బిడ్డా, పొదిగిననాటి సంది చూసిన, సక్కగున్నవని మొకం మీదనే చెప్పిన, ఊపి చూడు, లోపట బతికే ఉన్నది అన్నడు. మీ అమ్మ తీసుకున్నది. చెవికాడ పెట్టుకొని ఊపింది. మళ్ళొకపారి ఊపింది. బయట వాన పడుతున్నది, లోపట కుక్కర్ కూత పెడుతున్నది. ఆఖరికి మీ అమ్మ అన్నది.

'ముందుగాల నన్ను చూడు అయ్యా.'

ఏమన్న అయితె తనకే కావాలె, పిల్లకు వద్దని. గప్పుడు ఆయన పాదాల కాడికెల్లి తల ఎత్తుడు షురూ చేసిండు. ఎంతసేపు పట్టిందో బిడ్డా. కుచ్చిళ్ళు, నడుము, నిన్ను పట్టుకున్న చెయ్యి, గాజులు, మెడ. నడుమ ఆగిండు. నేను ఎనకకెల్లి ఈపు మీద చెయ్యి ఏసిన. మొకం చూసిండు. పిల్లల తల్లైన బిడ్డ మొకం మొదటిపారి చూసిండు. 'గిట్లున్నవా' అన్నడు. 'గిన్నేండ్లు గిట్లున్నవా బిడ్డా. ఎంత సక్కగున్నవే.'

మీ అమ్మ చెంగు తీసింది.

నీకు రెండేండ్లు నిండకముందె పోయిండు గనుక నీకు యాది లేదు గని, గా పొద్దు నుంచి పోయేదాంక నిన్ను చూసుడే ఆయన పని. గానాడైతె అన్నానికి పిలిస్తె సుత లేవలే. ఫోటోనా? ఫోటో యాడిది. ఆడ ఉన్నది నేనొక్కన్ని. నేను సుత చూడలేకపోయిన, గోడ దిక్కు మొకం పెట్టుకొని నిలవడ్డ. నీకు ముప్పై ఏండ్లొచ్చినయి, ఏమన్న అయిందా నీకు? చూడు, రాయి లెక్క కూసున్నవు నా ముందల. ఇగ ఇటు తే ఆ కప్పు, నీ చాయ్ చల్లగైంది. నాకు పొయ్యి, కోడలు లోపటున్నది, చూడదు.